దాచిన వెలుగుకు కాపలా

పంటకాలంలో వచ్చిన ధాన్యాన్ని రైతు ఏడాది పొడవునా తినడానికి గాదెలో దాచుకొంటాడు. పగటివేళ సూర్యుడు ప్రసాదించిన విద్యుత్తును రాత్రి వాడుకొనడానికి నేటి మానవుడు నిర్మించుకొన్న గాదె బ్యాటరీ. ధాన్యపు గాదెకు ఎలుకల భయం. విద్యుత్తు గాదెకు అగ్నిభయం. ఎలుకలు తిన్నది పోగా ఎంతో కొంత దక్కుతుంది. నిప్పు ముట్టిన గాదెలో దక్కేది బూడిద మాత్రమే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంనుండి కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఈ జిల్లాలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం ఉన్నది. బొగ్గును కుప్పగా పోసి ఉంచితే అవసరమైనప్పుడు మండించవచ్చు. సూర్యరశ్మిని కుప్ప పోయలేము. ఆ కొరత తీర్చడానికి ఇదే రాష్ట్రంలో, హౌరా-ముంబయి రైలుమార్గంపై పడమరగా ఉన్న రాజ్‌నంద్‌గావ్ జిల్లాలో, సౌరవిద్యుత్ కేంద్రానికి అనుబంధంగా బ్యాటరీ నిల్వను నెలకొల్పారు. భారత సౌరశక్తి సంస్థ చేపట్టిన ఈ కేంద్రం 2024 ఫిబ్రవరి 24న జాతికి అంకితమైనది. పగలు దాచిన విద్యుత్తును 40 మెగావాట్ల చొప్పున 3 గంటలపాటు అందించడం దీని సామర్థ్యం. బిలాస్‌పూర్‌లోని దయాల్‌బంద్ వంటి పేటలో సాయంత్రం దీపం వెలిగించే గృహిణికి అది బొగ్గు వెలుగో, సూర్యుని వెలుగో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. కాని ఆ గాదెకు కాపలా ఎట్లా ఉన్నదో అందరూ తెలుసుకోదగినది.

రైలుపెట్టె నేర్పిన పాఠం

బ్యాటరీని కాపాడుకొనే విద్య రైల్వే పట్టణానికి కొత్త కాదు. రైలుపెట్టెలలో దీపాలకు, పంకాలకు 110 వోల్టుల బ్యాటరీలను పెట్టె అడుగున అమర్చే పద్ధతి దశాబ్దాల నాటిది. బండి నడిచేటప్పుడు ఇరుసు బలంతో తిరిగే ఆల్టర్నేటరు వాటిని చార్జి చేస్తుంది. బండి ఆగినప్పుడు అవి వెలుగునిస్తాయి. సీసంతో చేసిన ఈ బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకొంటుంది. అందువల్ల బ్యాటరీ గదులలో మూడు కట్టుబాట్లు ఏర్పడ్డాయి: గాలి ఆడాలి, నిప్పు దరిచేరకూడదు, ప్రతి ఘటాన్నీ విడివిడిగా పరీక్షించాలి. హైడ్రోమీటరుతో ఆమ్లపు సాంద్రతను చూచి, ద్రవమట్టం తగ్గిన చోట స్వేదనజలం పోసే కార్మికునికి ఒక సత్యం తెలుసు. వరుసలో ఒక్క ఘటం చెడితే వరుస అంతా బలహీనమవుతుంది.

ఒక ఘటంనుండి మరొక ఘటానికి

నేటి కేంద్రాలలోని లిథియం బ్యాటరీకి కూడా ఈ కట్టుబాట్లు వర్తిస్తాయి. ప్రమాదం తీరు మాత్రం వేరు. లిథియం ఘటంలో రెండు ధ్రువాల నడుమ కాగితంకంటె పలుచనైన పొర ఉంటుంది. తయారీలోపంవల్లగాని, అతిగా చార్జి చేయడంవల్లగాని, విపరీతమైన వేడివల్లగాని ఆ పొర చెడితే ఘటం వేడెక్కుతుంది. వేడి రసాయనచర్యను త్వరపరుస్తుంది. ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. ఒక దశ దాటిన తరువాత విద్యుత్ ప్రవాహాన్ని ఆపివేసినా ఇది ఆగదు. ఘటం పగిలి, మండే వాయువులను వెలిగ్రక్కి, పక్క ఘటాన్ని వేడెక్కిస్తుంది.

2019 ఏప్రిల్ 19న అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో సర్‌ప్రైజ్ అనే పట్టణంలో జరిగినది ఇదే. 2 మెగావాట్ల చిన్న కేంద్రంలో బ్యాటరీలు పొగలు కక్కాయి. మంటలనార్పే వాయువు తనంతట తానే విడుదలైనది. కాని అది ఘటాల వేడిని చల్లార్చలేకపోయినది. మండే వాయువులు లోపలే పేరుకొన్నాయి. కొన్ని గంటల తరువాత అగ్నిమాపక సిబ్బంది తలుపు తెరిచారు. కొద్దిసేపటికే విస్ఫోటనం సంభవించి నలుగురు తీవ్రంగా గాయపడ్డారు. వాయువు బయటికి పోయే మార్గం లేకపోవడం, లోపలికి ఎప్పుడు, ఎట్లా వెళ్లాలో నిర్ణయించిన పద్ధతి లేకపోవడం విచారణలో తేలిన ముఖ్యలోపాలు.

2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో మరింత పెద్ద ప్రమాదం జరిగినది. పాత విద్యుత్కేంద్రపు భవనంలో ఒకే కప్పు క్రింద 300 మెగావాట్ల బ్యాటరీలను అమర్చారు. మంటలు చెలరేగి వెయ్యిమందికి పైగా ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చినది. నెల గడిచిన తరువాత అక్కడే మళ్లీ మంట లేచినది. కాలిన బ్యాటరీలో కూడా విద్యుత్తు మిగిలి ఉండగలదనడానికి ఇది నిదర్శనం.

కాపలా ఎట్లా ఉండాలి?

మొదటిది దూరం. గ్రామాలలో గడ్డివాములను ఎడంగా వేయడంలోని వివేకమే ఇక్కడా కావాలి. బ్యాటరీలను ఒకే భవనంలో కుక్కక, వేర్వేరు పెట్టెలలో, ఆరుబయట, ఎడంగా నిలపాలి. ఒక పెట్టె కాలినా తక్కినవి దక్కాలి.

రెండవది పదార్థం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఘటాలు నికెల్, కోబాల్ట్ రకాలకంటె ఎక్కువ వేడిని తట్టుకొంటాయి. అట్లని వాటికి ప్రమాదమే లేదనుకొనడం పొరపాటు.

మూడవది పర్యవేక్షణ. ప్రతి ఘటపు వోల్టేజిని, ఉష్ణోగ్రతను క్షణక్షణం గమనించి, తేడా కనిపించగానే ఆ వరుసను విడదీసే యంత్రాంగం ఉండాలి. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఛత్తీస్‌గఢ్‌లో శీతలీకరణ విలాసం కాదు, ప్రాణావసరం. ఆ యంత్రాల జల్లెడలలో దుమ్ము పేరుకొంటే ఎంత ఖరీదైన ఏర్పాటైనా నిష్ప్రయోజనం.

నాల్గవది వాయుమార్గం. మండే వాయువును పసిగట్టే పరికరాలు, దానిని బయటికి పంపే ద్వారాలు ఉండాలి.

అయిదవది మనిషి. దగ్గరలోని అగ్నిమాపక కేంద్రానికి పెట్టెల పటం ముందే అందాలి. ఏ తలుపు తెరవకూడదో, చుట్టుపక్కల పెట్టెలను నీటితో ఎట్లా చల్లబరచాలో సిబ్బందికి అభ్యాసం కావాలి.

ఇవి పెద్ద కేంద్రాలకే పరిమితమైన మాటలు కావు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణం, వసతిగృహం ఒకే భవనంలో ఉన్నచోట అగ్నిప్రమాదం జరిగి 8 మంది మరణించారు. క్రింద పుట్టిన పొగ మెట్లదారిన పైకి ప్రాకి, నిద్రకు వచ్చినవారి దారిని మూసివేసినది. ఇంటిలో స్కూటరు బ్యాటరీని మెట్ల క్రిందనో, గుమ్మం ప్రక్కనో చార్జికి పెట్టేవారు ఈ సంగతిని మరువరాదు. బయటికి పోయే దారిలో బ్యాటరీని ఉంచరాదు.

సూర్యుని వెలుగు ఉచితమే. దానిని రాత్రికి దాచుకొనడానికి మాత్రం వెల ఉన్నది. పెట్టెల నడుమ విడిచిన ఖాళీస్థలం, దుమ్ము దులిపే చేయి, ఎన్నడూ రాకూడదని కోరుకొనే ప్రమాదానికి ఏటేటా చేసే అభ్యాసం ఆ వెలలో భాగాలు. ఖర్చు తగ్గించే తొందరలో మొదట కోతపడేవి ఇవే. గాదె ఎంత పెద్దదని అడిగే ముందు, దానికి కాపలా ఎవరని అడగడం వివేకం.