సిమెంట్ పూస్తే గోడకు ఊపిరాడదు!

సివిల్ ఇంజినీరింగ్ చదివారా? అయితే ఓ ప్రశ్న. పాత ఇటుక గోడకి చెమ్మ ఎక్కుతోంది. ఏం చేస్తారు?

‘సిమెంట్ ప్లాస్టరింగ్’ అన్నారా? ఇంగ్లండ్‌లో మాస్టర్స్ అయ్యాక మొదటి ఇంటర్వ్యూలో నేనూ అదే అన్నా. పది నిమిషాల్లో బయటికొచ్చేశా.

తమాషా ఏంటంటే, ఏడాదిగా లీడ్స్‌లో నేను అద్దెకుంటున్నది అలాంటి ఇంట్లోనే! విక్టోరియా రాణి కాలం (1837-1901) నాటి ఎర్ర ఇటుకల ఇల్లు. పడగ్గది గోడకి ఓనర్ రెండుసార్లు సిమెంట్ పూయించాడు. రెండుసార్లూ బూజు తిరిగొచ్చింది.

ఆ కాలపు ఇళ్లలో చాలావాటి గోడల మధ్య ఖాళీ ఉండదు. 9 అంగుళాల ఇటుక, దాన్ని పట్టి ఉంచే సున్నం. అంతే. వాన పడితే గోడ కాస్త నీరు పీలుస్తుంది. వాన వెలిశాక ఆ తేమ సున్నపు అతుకుల్లోంచి ఆవిరైపోతుంది. పైన సిమెంట్ పూశారంటే ఆ దారి మూసేసినట్టే. లోపల చిక్కిన తేమ చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక పెచ్చులూడుతుంది.

అందుకే ముందు పైకప్పు, గట్టర్ లీకులు ఆపాలి. తర్వాత సిమెంట్ పాయింటింగ్ జాగ్రత్తగా తీసి సున్నంతో నింపాలి. ఇన్సులేషన్ ఆ తర్వాతే, అదీ వుడ్ ఫైబర్ లాంటి తేమను పోనిచ్చే రకం. చలిగాలి వస్తోందని చెక్క ఫ్లోర్ కింది ఎయిర్ బ్రిక్స్ మూసేస్తే దూలాలు కుళ్లిపోతాయి. అందరూ అడిగే హీట్ పంప్ వంతు చివర్లో.

మరి ఉద్యోగాలు? 2050 నాటికి నెట్ జీరో సాధించాలని బ్రిటన్ 2019లో చట్టం చేసుకుంది. పాత ఇళ్లను బాగుచేయకుండా అది కుదరదు. అక్కడి ‘పాస్ 2035’ ప్రమాణంలో రిట్రోఫిట్ అసెసర్, కోఆర్డినేటర్, డిజైనర్ అని విడిగా రోల్స్ ఉన్నాయి. కంప్యూటర్ మీద పని ఇష్టమైతే, గోడలో వేడి, తేమ ఎలా కదులుతాయో లెక్కగట్టే ‘వుఫి’ సాఫ్ట్‌వేర్ చూడండి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థది. అలాగని ఇది చదివేసి అప్పు చేసి ఫ్లైటెక్కకండి బాబూ! వీసా స్పాన్సర్‌ని వెతుక్కోవడం ఇంకో యుద్ధం.

మన దేశంలోనూ దారులున్నాయి. పాత కట్టడాల భద్రత కోసం ఐఐటీ మద్రాస్‌లో ప్రత్యేక కేంద్రం ఉంది. బీఆర్క్ వాళ్లకి ఢిల్లీ ఎస్‌పీఏలో కన్జర్వేషన్ పీజీ ఉంది. ఇక డంగు సున్నం సంగతి మీ ఊళ్లో పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే అడగండి. చార్మినార్ కట్టిందీ సున్నంతోనే కదా.

రెండో కంపెనీలోనూ అదే ప్రశ్న వేశారు. ‘ముందు గట్టర్ కారుతోందేమో చూస్తా’ అన్నా. ఈసారి గంటసేపు కూర్చోబెట్టారు.