టైరు ప్రక్కనున్న అంకెలు

కారు టైరు ప్రక్కభాగమున 185/65 ఆర్ 15 88 హెచ్ వంటి గుర్తు కనబడును. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్: లోని దారములు ఒక అంచునుండి మరొక అంచునకు అడ్డముగా సాగినవి. 15 చక్రపు వ్యాసము, అంగుళములలో. (ఒక్క గుర్తులోనే రెండు కొలమానములు కాపురము చేయుట వింతయే!) ఒక్క టైరు 560 కిలోగ్రాములు మోయగలదని 88, గంటకు 210 కిలోమీటర్ల వేగము దాటరాదని హెచ్ తెలుపును.

అక్కడనే గాలి ఒత్తిడి అంకెయు ఉండును. అది గరిష్ఠమేగాని పట్టవలసిన గాలి కాదు. పట్టవలసినది డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటిలో చూడవలెను. టైరు చల్లగానున్నపుడే కొలువవలెను. వేసవిలో గాలి వ్యాకోచించునని కొందరు ముందే తగ్గింతురు. దీనిని మేము గట్టిగా కాదందుము. ఆ వ్యాకోచమును లెక్కించియే చీటిలోని అంకెను నిర్ణయించిరి. గాలి తగ్గినచో ప్రక్కగోడ ప్రతి చుట్టునను అధికముగా వంగి లేచుచు వేడెక్కును. రబ్బరు దారములను విడుచును. మే నెల మధ్యాహ్నము నిండుబండితో హైదరాబాదునుండి కర్నూలునకు వేగముగా పోవువారికి ఇంతకన్న ప్రమాదము లేదు.

చాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో వాని అడుగుననున్న మిట్టలు పైభాగముతో సమమగును. ఇక టైరు మార్చవలసినదే. 2319 వంటి నాలుగంకెలు పుట్టినతేదీ: 2019వ సంవత్సరపు 23వ వారము. స్టెప్నీపైనను ఈ అంకెలు చూచి, నెలకొకమారు దాని గాలియు కొలిపింపవలెను.