ఆరు నెలల గడువు... మూడేళ్ల గోతులు

పెషావర్ బస్సు మార్గం నిలిచింది, ఢిల్లీ మార్గం చెరిగిపోయింది. తవ్వకాల భారం మోసినవారి లెక్క మాత్రం ఎక్కడా లేదు

నగరంలో రోడ్డు తవ్వే ప్రతి ప్రభుత్వమూ ప్రజలకు చెప్పే మాట ఒక్కటే. కొన్నాళ్లు ఓర్చుకోండి, ఆ తర్వాత అంతా సుఖమే అని. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లన్న దగ్గరే చిక్కు వస్తుంది. పాకిస్థాన్ వాయవ్య ప్రాంతంలోని పెషావర్ నగరవాసులకు 2017 అక్టోబరులో చెప్పిన గడువు ఆరు నెలలు. బస్సులు కదిలింది 2020 ఆగస్టు 13న. అంటే ఆరు నెలల పనికి ముప్పైనాలుగు నెలలు పట్టింది. ఆ ముప్పైనాలుగు నెలలూ నగరం నడిబొడ్డున గోతులు, మట్టికుప్పలు, ఇనుప ఊచలు, దుమ్ము తప్ప మరొకటి కనిపించలేదు.

బస్సులకు ప్రత్యేక వరుస, పాదచారులకు కాలిబాట, సైకిళ్లకు దారి కల్పించే పథకాలు దక్షిణాసియా నగరాలన్నింటిలోనూ గత రెండు దశాబ్దాలుగా తలకెత్తుకున్నవే. రోడ్డుపై కారుకు కాక మనిషికి చోటివ్వాలన్నది వీటి మూలసూత్రం. భారత ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఈ సూత్రాన్నే అంగీకరించింది. సూత్రాన్ని కాదన్నవారు తక్కువ. దాన్ని రోడ్డుపైకి దించే తీరులోనే పథకాల తలరాతలు వేరయ్యాయి. ఇందుకు పెషావర్, ఢిల్లీ నగరాలు రెండు భిన్నమైన నిదర్శనాలు.

లాహోర్ తో పోటీ

పాకిస్థాన్ లో తొలి మెట్రో బస్సు మార్గం 2013 ఫిబ్రవరిలో లాహోర్ లో మొదలైంది. 27 కిలోమీటర్ల ఆ మార్గాన్ని దాదాపు పదకొండు నెలల్లో పూర్తిచేశారు. ఆనాడు పంజాబ్ ప్రభుత్వం చేపట్టిన ఆ పథకాన్ని తీవ్రంగా విమర్శించినవారిలో ఇమ్రాన్ ఖాన్ నాయకత్వంలోని తెహ్రీకె ఇన్సాఫ్ పార్టీ ఒకటి. అదే పార్టీ అధికారంలో ఉన్న ఖైబర్ పఖ్తూన్ ఖ్వా రాష్ట్రంలో, రాజధాని పెషావర్ కు సరిగ్గా అటువంటి మార్గాన్నే నిర్మించాలని ముఖ్యమంత్రి పర్వేజ్ ఖట్టక్ సంకల్పించారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2017లో 33 కోట్ల 50 లక్షల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ కూడా చేయి కలిపింది.

తూర్పున చమకనీ నుంచి పడమట కార్ఖానో మార్కెట్ వరకు సుమారు 27 కిలోమీటర్ల పొడవునా ముప్పై స్టేషన్లతో మార్గం రూపొందింది. కొంత భాగం నేలపైన, కొంత వంతెనలపైన, కొంత భూగర్భంలో సాగుతుంది. మార్గం వెంబడి కాలిబాటలను, సైకిళ్ల దారిని కూడా ప్రణాళికలో చేర్చారు.

2018 జూలైలో సాధారణ ఎన్నికలు జరగవలసి ఉన్నాయి. ఎన్నికలలోగా బస్సు నడిపించాలన్న ఆత్రుత పథకాన్ని మొదటి రోజు నుంచే వెంటాడింది. లాహోర్ పదకొండు నెలల్లో చేసినది పెషావర్ ఆరు నెలల్లో చేస్తుందని ప్రకటించారు. సవివరమైన నమూనాలు పూర్తిగా చేతికి రాకముందే గునపాలు దిగాయి. పనిని మూడు భాగాలుగా విభజించి, మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టారు. ఫలితంగా నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపే ప్రధాన రహదారి యావత్తూ ఒక్క సీజనులో తవ్వకాల పాలైంది.

నగరానికి ఒకటే వెన్నెముక

పెషావర్ కు ఈ దెబ్బ గట్టిగా తగలడానికి ఆ నగరం అమరిక కూడా కారణం. గ్రాండ్ ట్రంకు రోడ్డు, యూనివర్సిటీ రోడ్డు కలిసి నగరానికి వెన్నెముకవంటివి. పాత బస్తీ బజార్లు, సదర్ వ్యాపార కేంద్రం, పెషావర్ విశ్వవిద్యాలయం, పెద్ద ఆసుపత్రులు, హయాతాబాద్ కాలనీ అన్నీ ఈ దారికి ఇరుపక్కలనో, చేరువలోనో ఉన్నాయి. దీనికి సమాంతరంగా అంతటి రాకపోకలను మోయగల మరో దారి లేదు. రోడ్డు మధ్యభాగాన్ని తడికెలతో మూసేసరికి లారీలు, వ్యాన్లు, రిక్షాలు, అంబులెన్సులు ఇరువైపులా మిగిలిన సన్నటి దారుల్లోకి మళ్లాయి.

రోడ్డు కింద మురుగు కాలువలు, నీటి గొట్టాలు, గ్యాస్ గొట్టాలు, టెలిఫోను తీగలు ఉంటాయి. వాటిని పక్కకు జరపనిదే పునాది పడదు. ఏ శాఖ తీగ ఎక్కడ ఉన్నదో పక్కా పటాలు లేని పాత నగరాల్లో సగం కాలం ఇక్కడే హరించుకుపోతుంది. ఒక శాఖ పూడ్చిన గోతిని మరో శాఖ వచ్చి తవ్వడం తెలుగు పాఠకులకు కొత్త దృశ్యమేమీ కాదు.

దుకాణదారు నష్టం మరో తీరుగా ఉంటుంది. అతని గోడ కూలదు, స్థలం పోదు. బండి నిలపడానికి చోటు లేక, దుమ్ములో నడవలేక గిరాకీ మరో బజారుకు మళ్లుతుంది. అద్దె, విద్యుత్ బిల్లు, పనివాడి జీతం మాత్రం నెలనెలా తప్పవు. ఆరు నెలలైతే అప్పో సప్పో చేసి నెట్టుకురావచ్చు. మూడేళ్లు నెట్టుకురావడం చిన్న వ్యాపారికి అసాధ్యం. పెషావర్ వ్యాపారులు పలుమార్లు వీధికెక్కి నిరసన తెలిపింది ఇందుకే.

కట్టడం, పగులగొట్టడం

తొందరపాటు పనిని వేగవంతం చేయలేదు సరికదా, మరింత వెనక్కి నెట్టింది. నిర్మాణం సాగుతుండగానే నమూనాలు పదేపదే మారాయి. కొన్నిచోట్ల కట్టిన భాగాలను పగులగొట్టి మళ్లీ సరిచేయవలసి వచ్చింది. తొలుత సుమారు 4,900 కోట్ల పాకిస్థానీ రూపాయలుగా వేసిన అంచనాను 6,600 కోట్లకు పైగా సవరించారు. 2019 మార్చి 23న ప్రారంభిస్తామన్న వాగ్దానం కూడా భంగమైంది. గడువు తప్పినందుకు ఉన్నతాధికారులను పదవుల నుంచి తప్పించారు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ బృందమే తన నివేదికలో ప్రణాళికా లోపాలను, నమూనాల లోపాలను ఎత్తిచూపడం గమనార్హం.

వివాదం న్యాయస్థానాలకూ ఎక్కింది. దర్యాప్తు జరపాలని పెషావర్ హైకోర్టు 2018లో ఒకసారి, 2019లో మరోసారి ఆదేశించింది. రెండు పర్యాయాలూ సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది.

ఎట్టకేలకు 2020 ఆగస్టులో నాటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ ఈ మార్గాన్ని ప్రారంభించారు. మొదట్లో ఈ పథకంపై తనకు సందేహాలు ఉండేవని, ఖట్టక్ నిర్ణయమే సరైనదని తేలిందని ఆయన సభాముఖంగా అంగీకరించారు. అయినా కష్టాలు అంతటితో తీరలేదు. కొత్త బస్సుల్లో మంటలు చెలరేగిన ఘటనలతో సెప్టెంబరులో సర్వీసులను నిలిపివేసి, నెల రోజులకు పైగా సరిచూసి, అక్టోబరులో పునరుద్ధరించారు.

తర్వాతి కథ

ఆ పైన జరిగినది మాత్రం విమర్శకులు ఊహించని పరిణామం. పెషావర్ ప్రజలు బస్సును తమదిగా చేసుకున్నారు. ప్రయాణికుల సంఖ్య రోజుకు రెండున్నర లక్షలు దాటింది. ప్రధాన మార్గంపై నడిచే బస్సే దారి మళ్లి కాలనీల్లోకి కూడా వెళ్లడం వల్ల ప్రయాణికులు బండి మారే బాధ తప్పింది. పాత డొక్కు వ్యాన్ల, మినీ బస్సుల యజమానులకు పరిహారం ఇచ్చి, ఆ వాహనాలను తుక్కు చేయించారు. విశ్వవిద్యాలయం, హయాతాబాద్ ప్రాంతాల్లో 360 అద్దె సైకిళ్లను ప్రవేశపెట్టారు.

అన్నింటికన్నా ముఖ్యమైన మార్పు మహిళలది. కిక్కిరిసిన వ్యాన్లలో వేధింపులకు వెరచి ఇంటిపట్టున ఉండిపోయిన స్త్రీలు, విద్యార్థినులు పెద్దసంఖ్యలో బస్సెక్కారు. పాత వాహనాల్లో నామమాత్రంగా ఉన్న మహిళా ప్రయాణికుల వాటా కొత్త బస్సుల్లో ఇంచుమించు మూడో వంతుకు చేరింది. బస్సులో వారికి విడిగా సీట్లు, కెమెరాల నిఘా ఏర్పాటు చేశారు. సంప్రదాయానికి పెట్టింది పేరైన ఆ నగరంలో ఇది చిన్న విషయం కాదు.

అలాగని పథకం లాభాల బాట పట్టిందనుకుంటే పొరపాటు. చార్జీల రాబడి ఖర్చులకు చాలక రాష్ట్ర ప్రభుత్వం రాయితీ భరిస్తోంది. ఆ లోటును పూడ్చడానికి డిపోల వద్ద తలపెట్టిన వాణిజ్య సముదాయాలు బస్సులు మొదలైన నాటికి పూర్తే కాలేదు.

ఢిల్లీలో తారుమారు

భారత రాజధానిలో కథ మరోలా ముగిసింది. అంబేద్కర్ నగర్ నుంచి ఢిల్లీ గేట్ వరకు 14.5 కిలోమీటర్ల మేర ప్రత్యేక బస్సు మార్గం నిర్మించాలని షీలా దీక్షిత్ ప్రభుత్వం తలపెట్టింది. ఢిల్లీ ఐఐటీ నిపుణుల ఆలోచనల మేరకు రోడ్డు మధ్యలో బస్సులకు వరుస, పక్కల సైకిళ్లకు, పాదచారులకు విడి దారులు ఏర్పాటయ్యాయి. కానీ 2008 ఏప్రిల్ లో తెరిచినది మూల్ చంద్ వరకు గల 5.8 కిలోమీటర్లు మాత్రమే. మిగిలిన భాగం కాగితాలు దాటలేదు.

చిరాగ్ ఢిల్లీ కూడలిలో సిగ్నలు కోసం కార్లు బారులు తీరాయి. మధ్యవరుసలోని బస్టాపును చేరడానికి పాదచారులు వాహనాలకు అడ్డంపడి దాటవలసి వచ్చింది. సైకిళ్ల దారిలోకి మోటారు సైకిళ్లు చొరబడ్డాయి. బస్సు ప్రయాణికులకు ఆ కొద్ది దూరంలో కాలం కలిసివచ్చింది గాని, మూల్ చంద్ దాటగానే మళ్లీ అదే రద్దీలో కలవక తప్పలేదు. సగం నిర్మించిన మార్గం సగం ప్రయోజనమైనా ఇవ్వకపోగా, కష్టం మాత్రం పూర్తిగా ఇచ్చింది.

మార్గాన్ని రద్దుచేయాలన్న పిటిషన్ ను ఢిల్లీ హైకోర్టు 2012 అక్టోబరులో తోసిపుచ్చింది. బస్సుకు ప్రత్యేక చోటివ్వడం సబబేనన్నది ఆ తీర్పు సారాంశం. న్యాయస్థానంలో గెలిచిన మార్గం వీధిలో ఓడిపోయింది. 2015 జూలైలో ఆమ్ ఆద్మీ పార్టీ ప్రభుత్వం దీన్ని తొలగించాలని నిర్ణయించింది. 2016లో పలుగులు, యంత్రాలు మళ్లీ అదే రోడ్డెక్కాయి. అక్కడి దుకాణదారులు కట్టడానికి ఒకసారి, కూల్చడానికి మరోసారి దుమ్ము మింగారు.

ముక్కలుగా పనిచేస్తే

పొరుగున బంగ్లాదేశ్ లో ఆలస్యం మరింత దారుణ రూపం దాల్చింది. గాజీపూర్ నుంచి ఢాకా విమానాశ్రయం వరకు 20.5 కిలోమీటర్ల బస్సు మార్గానికి 2012లో ఆమోదం లభించింది. 2016కల్లా ముగియవలసిన పని ఏళ్లకు ఏళ్లు సాగి, అంచనా వ్యయం రెట్టింపు దాటింది. 2022 ఆగస్టు 15న ఉత్తరా ప్రాంతంలో క్రేన్ ఎత్తుతున్న కాంక్రీటు దూలం జారి కారుపై పడి అయిదుగురు దుర్మరణం చెందారు. రాకపోకలను ఆపకుండానే రోడ్డు మీద దూలాలు ఎత్తడం పట్ల అప్పుడుగాని ప్రభుత్వం కళ్లు తెరవలేదు.

ఇందుకు భిన్నమైన పద్ధతి అహ్మదాబాద్ లో కనిపిస్తుంది. అక్కడి 'జనమార్గ్' 2009 అక్టోబరులో 12.5 కిలోమీటర్ల తొలి దశతో మొదలై, ఆపైన విడతలవారీగా విస్తరించింది. ఒక భాగంలో బస్సు తిరగడం కళ్లారా చూసిన ప్రజలు తర్వాతి భాగం తవ్వకాలను కొంత ఓర్పుతో భరించగలరు. నగరమంతా ఒకేసారి తవ్విన చోట ఆ ఓర్పుకు ఆధారమే ఉండదు.

తెలుగు నగరాలకూ ఈ అనుభవం కొంత ఉంది. నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద విజయవాడ, విశాఖపట్నాలకు ఇటువంటి బస్సు మార్గాలే మంజూరయ్యాయి. విశాఖలో సింహాచలం మార్గం భూసేకరణ చిక్కులతో ఏళ్ల తరబడి కుంటుతూ సాగింది. విజయవాడలో ప్రత్యేక వరుసల్లో బస్సులు నిలదొక్కుకోలేదు. 'బీఆర్టీఎస్ రోడ్డు' అన్న పేరు మాత్రం జనం నోట స్థిరపడిపోయింది.

ఈ నగరాలన్నీ చెబుతున్నది బస్సు మార్గం వద్దని కాదు. ఎంత సతాయించినా పూర్తయిన పెషావర్ మార్గం జనానికి అక్కరకు వచ్చింది. సగంలో ఆగిన ఢిల్లీ మార్గం ఎవరికీ కాకుండా పోయింది. కనుక రోడ్డు తవ్వే ముందు ప్రభుత్వాలు నమూనా పూర్తిచేసుకోవాలి. ఒక ముక్క ముగించి మరో ముక్క మొదలుపెట్టాలి. చెప్పిన గడువు ఎన్నికల తేదీని బట్టి కాక పని పరిమాణాన్ని బట్టి ఉండాలి.

గడువు పొడిగించిన ప్రతిసారీ అంచనా వ్యయాన్ని సవరిస్తూ ఉత్తర్వు వెలువడుతుంది. సిమెంటు ధర, ఇనుము ధర, రుణంపై వడ్డీ, కాంట్రాక్టరు బకాయి అందులో ఒక్కొక్క పద్దుగా చేరతాయి. గోతి అంచున చెక్క పలక వేసుకుని, రాని గిరాకీ కోసం మూడేళ్లు దుకాణం తెరిచి కూర్చున్నవాడి అద్దెకు ఆ పట్టికలో పద్దు ఉండదు. మార్గం పూర్తయితే అతని గుమ్మం ముందే బస్సు ఆగుతుంది. అంతవరకు అతడు నిలదొక్కుకోగలిగితేనే ఆ బస్సు అతనికి ప్రయోజనకరం.