మధుపర్కం మెరవాలి... మాయమవకూడదు!

తలంబ్రాల ఘట్టం మళ్లీ రాదు. కెమెరా తెర మీద ఫొటో బ్రహ్మాండంగా ఉంటుంది. తీరా కంప్యూటర్లో చూస్తే... పెళ్లికూతురి మధుపర్కం మడతలన్నీ పోయి, తెల్లటి మచ్చే మిగులుతుంది!

తెరను నమ్మితే వచ్చే చిక్కే ఇది. అదే తెర చీకట్లో కాంతిమంతంగా, ఎండలో వెలవెలబోతూ కనిపిస్తుంది. హిస్టోగ్రామ్‌కి ఆ భ్రమ ఉండదు. డీఎస్ఎల్ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌తో తీస్తే ఈ గ్రాఫ్ ఫొటో తీశాకే కనిపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో మాత్రం బటన్ నొక్కకముందే కళ్లముందుంటుంది.

చదవడం తేలికే. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. గ్రాఫ్ కుడి అంచుకు అతుక్కుపోయిందంటే తెలుపులో వివరాలు పోతున్నట్లే. అవి మళ్లీ రావు. నీడల్ని మాత్రం తర్వాత కొంతవరకూ వెలిగించుకోవచ్చు, కాస్త గరుకుదనం వచ్చినా. కాబట్టి గ్రాఫ్ అంచు వదిలేదాకా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ వైపు తిప్పాలి. అదే ఫ్రేమంతా తెలుపే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగులోకి దించేస్తుంది. అప్పుడు ప్లస్ వైపు తిప్పాలి.

మండపంలోని బల్బులు అంచును తాకినా ఫర్వాలేదు, చీర తాకకూడదు. ఏది తాకుతోందో జీబ్రా గీతలు చూపిస్తాయి.

ఒక్క జాగ్రత్త! ఫ్లాష్ వెలిగేది బటన్ నొక్కాకే. ఆ వెలుగు లైవ్ హిస్టోగ్రామ్‌కి తెలియదు. అందుకే ఫ్లాష్ వాడితే ముహూర్తానికి ముందే ఒక ఫొటో తీసి, దాని గ్రాఫ్ చూసుకోవాలి.