స్పీడ్ ఫుల్.. అయినా వీడియో కాల్ ఆగిపోతోందా? స్పీడ్ టెస్ట్‌లో ఈ చిన్న నంబర్ చూశారా!

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్ చేస్తే 95 దాకా చూపిస్తోంది. కానీ వీడియో కాల్‌లో మాట ఆగి ఆగి వస్తోంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఇలా జరిగితే ఉద్యోగానికే ఎసరు. చాలామంది వెంటనే ఇంకా పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. డబ్బు పోతుంది కానీ సమస్య అలాగే ఉండొచ్చు. ఎందుకంటే ఇక్కడ తేడా స్పీడ్‌లో కాదు.. లేటెన్సీలో!

డౌన్‌లోడ్ స్పీడ్ దగ్గరే చిన్నగా పింగ్ అని కనిపిస్తుంది. ఫోన్ నుంచి వెళ్లిన డేటా సర్వర్‌ను తాకి తిరిగి రావడానికి పట్టే టైమ్ అది. మిల్లీసెకన్లలో ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచిది.

ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే 1,000 కిలోమీటర్లు పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు. స్పీడ్ టెస్ట్ యాప్‌లు మామూలుగా దగ్గర్లోని సర్వర్‌నే ఎంచుకుంటాయి కాబట్టి పింగ్ 5, 6 అని చూపించి మురిపిస్తాయి. అదే అమెరికాలో ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటే 200 దాటడం మామూలే. ఏ ప్లాన్ తీసుకున్నా ఆ దూరం తగ్గదు.

అసలు చిక్కు వేరే ఉంది. మొదట కనిపించే పింగ్ లైన్ ఖాళీగా ఉన్నప్పటిది. ఒకరు కాల్‌లో ఉండగా ఇంకొకరి ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌కి బ్యాకప్ చేస్తోందనుకోండి. అప్‌లోడ్ నిండిపోయి రౌటర్‌లో డేటా క్యూ కడుతుంది. సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బండ్లు ఆగినట్టే.. కాల్ డేటా కూడా ఆ లైన్లోనే నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. 10 ఉన్న పింగ్ వందల్లోకి వెళ్లిపోతుంది. ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్‌లో పింగ్‌కి మూడు నంబర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, డౌన్‌లోడ్ టైమ్‌లో ఒకటి, అప్‌లోడ్ టైమ్‌లో ఒకటి. చూడాల్సింది చివరి రెండూ!

ఇక వైఫై. గోడలు అడ్డొచ్చినా, అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉన్నా పింగ్ ఎగిరెగిరి పడుతుంది.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం తేలికే. వీపీఎన్ ఆపేసి, ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి ఒకసారి, వైఫైలో ఒకసారి అదే సర్వర్‌తో టెస్ట్ చేయాలి. కేబుల్‌లో బాగుంటే తప్పు వైఫైదే, 5 గిగాహెర్ట్జ్‌కి మారి చూడండి. లోడ్ పడినప్పుడే పింగ్ పెరిగితే కాల్ టైమ్‌లో బ్యాకప్ ఆపండి, లేదా రౌటర్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ ఆన్ చేయండి. ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా, కేబుల్ మీద కూడా రోజూ రాత్రిపూట పింగ్ పెరిగి తెల్లారేసరికి తగ్గుతోందంటే రద్దీ ప్రొవైడర్ వైపే ఉండే ఛాన్స్ ఎక్కువ. టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్లు తీసి కంప్లైంట్ పెట్టండి.