అరవై ముక్కల జాంబీ కట్ట

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (స్టాటిస్టిక్స్)

సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మొదట "క్రమశిక్షణ – విజయం" అని శీర్షిక పెట్టుకుని కూర్చున్నాను. అర పేజీ దాటలేదు. అదెలాగూ ఏటా ఎవరో ఒకరు రాస్తారు. పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు నా సంచిలో అట్టముక్కల కట్ట చూసి "అన్నా, ఇది పేకాటేనా?" అని అడిగారు. వార్డెన్ సారు పక్కనే ఉండటంతో నవ్వి ఊరుకున్నాను. వాళ్లకు బాకీ పడిన జవాబు ఇది.

పేకాట కాదు. అయితే ఆ ప్రశ్న నన్ను గుచ్చుకోవడానికి కారణం ఉంది. మా నాన్న పేకాటలో మా ఎకరంన్నర కౌలు డబ్బులు రెండుసార్లు పోగొట్టాడు. ఆ తరువాత మా ఇంట్లో 'ముక్క' అనే మాట కూర విషయంలో తప్ప అమ్మ పలకనివ్వలేదు. అలాంటి ఇంటినుంచి వచ్చినవాణ్ణి యూనివర్సిటీ హాస్టల్లో రూమ్మేటు 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' నేర్పిస్తానంటే మొదటి నెల రోజులు దగ్గరకు కూడా పోలేదు.

ఈ ఆటను అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత పరిశోధకుడు తయారుచేశాడు. 1993లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే సంస్థ విడుదల చేసింది. అదే ఏడాది ఆయనకు గణితంలో డాక్టరేట్ కూడా వచ్చింది. పేకలో 52 ముక్కలు అందరికీ ఉమ్మడి. ఇందులో ఎవరి కట్ట వారే తయారుచేసుకుని వస్తారు. ఇప్పటిదాకా ఇరవై వేలకు పైగా రకరకాల కార్డులు వచ్చాయి. వాటిలోంచి కనీసం 60 ఏరుకోవాలి. ఒకే పేరుగల కార్డు నాలుగుకు మించి పెట్టకూడదు. మామూలు నేల కార్డులకు మాత్రం ఆ పరిమితి లేదు. ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎవరివి ముందు సున్నా అయితే వారు ఓడినట్టు. వంతుకొక నేల కార్డు బల్లమీద పెట్టుకోవచ్చు. ఒక్కో నేల వంతుకు ఒక మానా ఇస్తుంది. మానా అంటే మిగతా కార్డులను దించడానికి ఖర్చుపెట్టే శక్తి. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, పచ్చ అని ఐదు రంగులున్నాయి. చావుకు సంబంధించినదంతా నలుపుది. నల్ల మానా ఇచ్చే నేల పేరు స్వాంప్, అంటే చిత్తడినేల. జాంబీలు ఎక్కువగా ఈ రంగులోనే ఉంటాయి. జాంబీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదనుకుంటాను, 2021లో 'జాంబీ రెడ్డి' సినిమా వచ్చాక మా ఊళ్లో ముసలివాళ్లకు కూడా తెలిసిపోయింది.

చచ్చిన జీవి కార్డు పారేసిన ముక్కల కుప్పలోకి పోతుంది. ఆ కుప్పను ఆటలో శ్మశానం అంటారు. వేరే రంగులవాళ్లకు అక్కడ పడినది పోయినట్టే. నలుపువాడికి మాత్రం శ్మశానం రెండో చెయ్యి లాంటిది. 2012లో వచ్చిన గ్రేవ్‌క్రాలర్ అనే జాంబీని చూడండి. దించడానికి ఒక్క నల్ల మానా చాలు. బలం 2, ఓర్పు 1. ఎదుటివాడి దాడిని అడ్డుకోలేదు. చూస్తే పనికిమాలినదే. కానీ కిందనొక వాక్యం ఉంది: నీ దగ్గర బల్లమీద ఒక జాంబీ ఉంటే దీన్ని శ్మశానం నుంచే మళ్లీ దించవచ్చు.

మన లైబ్రరీలో పాత చందమామలు చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. విక్రమార్కుడు శవాన్ని దింపి భుజాన వేసుకుంటాడు. మౌనం భంగమైతే అది మళ్లీ చెట్టెక్కుతుంది. ఊరికే ఎక్కదు, షరతు తీరితేనే ఎక్కుతుంది. గ్రేవ్‌క్రాలర్‌ది కూడా అదే తంతు. షరతు తీరినంతకాలం ఎన్నిసార్లయినా లేస్తుంది.

ఇప్పుడు రెండో కార్డు. ఫిరెక్సియన్ ఆల్టర్, 2000లో వచ్చింది. ఆల్టర్ అంటే బలిపీఠం. దించడానికి మూడు మానా. ఇది ఒకటే పని చేస్తుంది: నీ జీవిని ఒకదాన్ని బలి ఇస్తే నువ్వు కోరిన రంగు మానా ఒకటి ఇస్తుంది. రెండూ కలిపి చూడండి. బల్లమీద గ్రేవ్‌క్రాలర్, దానితోపాటు ఇంకొక జాంబీ, బలిపీఠం ఉన్నాయి. గ్రేవ్‌క్రాలర్‌ను బలి ఇచ్చాం, ఒక నల్ల మానా వచ్చింది. గ్రేవ్‌క్రాలర్ శ్మశానంలో పడింది. ఇంకొక జాంబీ బల్లమీదే ఉంది కనుక షరతు తీరింది. ఇందాక వచ్చిన మానాతోనే దాన్ని లేపాం. మళ్లీ బలి, మళ్లీ మానా. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకున్నట్టు లాభం సున్నా, నష్టం సున్నా. కొత్తగా వచ్చిన జీవి ఆ వంతులో దాడి చేయలేదు గాని, బలికి ఆ నియమం అడ్డు రాదు. కాబట్టి ఆపేవాడు లేకపోతే ఇది తెల్లవార్లూ తిరుగుతుంది.

సున్నా లాభానికి ఇంత శ్రమ ఎందుకని మొదటిసారి నేనూ అడిగాను. అక్కడే మూడో కార్డు కావాలి. బ్లడ్ ఆర్టిస్ట్ అని ఒక బక్క రక్తపిశాచి ఉంది, బలం సున్నా. అది బల్లమీద ఉండగా ఏ జీవి చచ్చినా ఎదుటివాడికి ఒక ప్రాణం తగ్గించి నీకు ఒకటి కలపవచ్చు. ఇక పైన చెప్పిన సున్నా చక్రం తిరిగినప్పుడల్లా ఎదుటివాడికి ఒకటి తగ్గుతుంది. ఇరవై బలులు, ఆట ముగిసింది. నిజంగా ఇరవైసార్లు కార్డు ఎత్తి దించనక్కర్లేదు. "ఇలా ఇరవైసార్లు చేస్తున్నాను" అని సంఖ్య చెబితే చాలు, నియమాలు ఒప్పుకుంటాయి. ఇలా కార్డులు ఒకదానికొకటి అందుకుని తిరిగే ఏర్పాటునే కాంబో అంటారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అష్నాడ్స్ ఆల్టర్ అని ఇంకొక బలిపీఠం ఉంది. అది ఒక బలికి రెండు మానా ఇస్తుంది. ఒకటికంటే రెండు ఎక్కువ కదా అని ఫిరెక్సియన్ తీసేసి ఇది పెట్టాను. ఆడేటప్పుడు అంతా సిద్ధం చేసుకుని, "ఇక చూడు" అని గ్రేవ్‌క్రాలర్‌ను బలి ఇచ్చాను. రూమ్మేటు కార్డు మీద వేలు పెట్టి చూపించాడు. అది ఇచ్చే రెండూ రంగులేని మానా. గ్రేవ్‌క్రాలర్ అడిగేది నల్లది. రంగులేనిది ఎంతున్నా నల్లదానికి చెల్లదు. ఉన్న ఒక్క గ్రేవ్‌క్రాలర్‌ను నేనే చంపుకుని కూర్చున్నాను.

ఇక లెక్క. తమ్ముళ్లూ, పదో తరగతి సంభావ్యత పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఆట మొదట్లో 7 కార్డులు చేతికొస్తాయి. 60లో ఒక కార్డు నాలుగు ప్రతులుంటే, మొదటి ఏడింటిలో ఒక్కటీ రాకపోవడానికి సంభావ్యత 56/60, 55/59, 54/58... ఇలా ఏడు భిన్నాల లబ్ధం. సుమారు 0.60 వస్తుంది. అంటే కనీసం ఒకటి రావడానికి 40 శాతం. గ్రేవ్‌క్రాలర్, బలిపీఠం, బ్లడ్ ఆర్టిస్ట్ మూడూ ఒకేసారి ఏడింటిలో రావాలంటే నూటికి ఐదుసార్లు కూడా రావు. అందుకే నాలుగు ప్రతులతో తృప్తిపడకుండా, వేరే పేరుతో అదే పని చేసే కార్డులు వెతకాలి. జులాపోర్ట్ కట్‌థ్రోట్ మన జీవి చచ్చినప్పుడల్లా ఎదుటివాడికి ఒక ప్రాణం తగ్గిస్తుంది. దాన్ని నాలుగు కలిపితే ఆ పని చేసే కార్డులు ఎనిమిది, సంభావ్యత 65 శాతం. ప్లేగ్ బెల్చర్ నాలుగు కలిపితే పన్నెండు, సంభావ్యత 81. పైగా బెల్చర్ స్వయంగా జాంబీ, అది బల్లమీదుంటే ఆ 'ఇంకొక జాంబీ' వేరే అక్కర్లేదు. ఒకే కూలికి రెండు పనులు.

ఇదే కారణంతో నచ్చిన కార్డులన్నీ కుక్కి 80 కార్డుల కట్ట కట్టకండి. 80లో నాలుగు ప్రతులుంటే ఆ 40 శాతం 31కి పడిపోతుంది. కనీసం 60 అని నియమం చెబితే సరిగ్గా 60 దగ్గర ఆగాలి.

నా కట్ట ఇది. గ్రేవ్‌క్రాలర్, ఫిరెక్సియన్ ఆల్టర్, బ్లడ్ ఆర్టిస్ట్, జులాపోర్ట్ కట్‌థ్రోట్, ప్లేగ్ బెల్చర్, కారియన్ ఫీడర్, క్రిప్ట్‌బ్రేకర్, డైర్‌గ్రాఫ్ గూల్ నాలుగేసి, మొత్తం 32. చివరి మూడూ ఒక్క మానాకు దిగే జాంబీలు. వాటిలో క్రిప్ట్‌బ్రేకర్ మూడు జాంబీలను పక్కకు వాల్చి, ఒక ప్రాణం తీసుకుని, కొత్త కార్డు ఇస్తుంది. కావలసిన కార్డును కట్టలోంచి వెతికి తెచ్చే డయబాలిక్ ట్యూటర్ మూడు. అవి కలిస్తే బలిపీఠానికి దారులు ఏడవుతాయి. నలుపు కాని జీవిని చంపే డూమ్ బ్లేడ్ మూడు. మిగతా 22 స్వాంపులు. అదృష్టం బాగుంటే మొదటి వంతులో గ్రేవ్‌క్రాలర్, రెండులో బ్లడ్ ఆర్టిస్ట్, మూడులో బలిపీఠం, నాలుగులో ఇంకో జాంబీ దిగి, అదే వంతులో చక్రం మొదలవుతుంది.

ఎదుటివాడు చూస్తూ ఊరుకోడు. బలిపీఠం ఇచ్చే మానాకు మధ్యలో ఎవరూ అడ్డుపడలేరు. కానీ బ్లడ్ ఆర్టిస్ట్ ప్రాణం తగ్గించే ఆ క్షణంలో గ్రేవ్‌క్రాలర్ శ్మశానంలో పడి ఉంటుంది. అది ముగిసేదాకా దాన్ని లేపడానికి వీల్లేదు, ఎదుటివాడికి మాత్రం జవాబిచ్చే అవకాశం ఉంది. టార్మాడ్స్ క్రిప్ట్ అనే కార్డు దించడానికి పైసా ఖర్చుండదు, అది శ్మశానం మొత్తాన్ని ఆటలోంచే ఊడ్చేస్తుంది. రెస్ట్ ఇన్ పీస్ ఉంటే అసలు శ్మశానంలోకి ఏదీ చేరదు. లేదా ఆ క్షణంలో మన రెండో జాంబీని చంపినా చాలు, షరతు తప్పుతుంది. అందుకే చక్రం మొదలుపెట్టేముందు అదనంగా రెండు జాంబీలు ఉండేలా చూసుకోవాలి. శ్మశానం ఊడ్చేస్తే మాత్రం జాంబీలతో మామూలుగా దాడి చేయడమే. తొందరపడి ఓడిన ఆటలే నాకు ఎక్కువ.

ఇప్పుడు డబ్బు మాట. ఈ కార్డులు మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు. ఒక్కోదాంట్లో పద్నాలుగో పదిహేనో ఉంటాయి, లోపల ఏముందో చింపేదాకా తెలియదు. స్కాలర్‌షిప్ పడిన రోజు నేను మూడు వేలు పెట్టి ప్యాకెట్లు తెప్పించాను. ఒక్క గ్రేవ్‌క్రాలర్ రాలేదు, బలిపీఠం రాలేదు. ఆఖరి ప్యాకెట్ చింపుతున్నప్పుడు "ఇందులో వస్తుందిలే" అని నాలో నేను అనుకోవడం నాకే వినిపించింది. మామిడితోటలోంచి నాన్నను పిలవడానికి వెళ్లినప్పుడల్లా ఆయన అన్నది అదే మాట, "ఈ ఆటలో వస్తుందిలే." ఆ నెల మెస్ బిల్లు రూమ్మేటు కట్టాడు. మూడు నెలల్లో తీర్చాను.

మళ్లీ ప్యాకెట్ కొనలేదు. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో కత్తిరించగా మిగిలిన అట్ట అడిగి తెచ్చుకుని, ఒకే కొలతకు కోసి, నల్ల పెన్నుతో పేరు, ఖర్చు, పని రాసుకున్నాను. అట్ట అంతా ఒకే రకం ఉండాలి, వెనకవైపు తేడా ఉంటే ఏ ముక్క ఏదో తెలిసిపోతుంది. అధికారిక పోటీలలో ఇలాంటివి ఒప్పుకోరు, అసలు కార్డులే ఉండాలి. స్నేహితులమధ్య ముందే చెప్పి ఆడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఈ కట్ట సంచిలోంచి జారి నాన్న కంట పడింది. చాలాసేపు తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు.

"పందెం ఎంత?" అన్నాడు.

"పందెం లేదు నాన్నా."

"మరి ఓడినోడు ఏమిస్తాడు?"

"ఏమివ్వడు. మళ్లీ కలుపుతాడు."

ఇంకేమీ అడగలేదు. కట్ట రెండుగా విడదీసి, బొటనవేళ్లతో వంచి, టపటపమని ఒకదాంట్లో ఒకటి దించాడు. అన్నేళ్లయినా ఆ చేతులు మరిచిపోలేదు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. నాన్న ముక్కలు నా చేతిలో పెట్టి చుట్ట ముట్టించుకోవడానికి బయటికి వెళ్లాడు.

ఇలాంటివే రెండు కట్టలు రాసి మన లైబ్రరీ బీరువాలో కింది అరలో, అట్లాసుల పక్కన పెట్టించాను. వార్డెన్ సారుకు చూపించి, ఆదివారం మధ్యాహ్నం మాత్రమే అన్న షరతుమీద అనుమతి తీసుకున్నాను. రెండో కట్టలో ఒక డూమ్ బ్లేడ్ తక్కువుంది, బస్సులో ఎక్కడో పడిపోయింది. అట్ట కొలత మొదటి కట్టలోని ముక్కను చూసి కోసుకోండి.