దూరం పోయిన చెరుకు

బోధన్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఒక లెక్క చిన్నప్పుడే వంటబడుతుంది. కోసిన చెరుకు ఒక రోజులోపు ఫ్యాక్టరీకి చేరాలి. పొలం గట్టునో, గేటు ముందు బండ్ల వరుసలోనో ఎండిందంటే తూకం తగ్గుతుంది, చక్కెర రికవరీ పడిపోతుంది. అందుకే మంజీర మీద నిజాంసాగర్ కట్టి, 1931 నుంచి నీళ్లు పారించాక, 1937లో నిజాం షుగర్స్‌ను తెచ్చి సరిగ్గా పొలాల నడుమ, శక్కర్‌నగర్‌లో పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు. 2015 డిసెంబరులో అది మూతబడింది. మిగిలిన చెరుకు లారీలెక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోయింది.

మా పిల్లల చదువుదీ అదే దారి. పండేది ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో, రసం తీసేది ఇంకెక్కడో. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి డాలస్ ఎంతో మన ప్రవాస సంఘం సంచిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఏడాది ప్రత్యేక సంచికకు ఒక సంస్థను పరిచయం చేయమని సంపాదకులు అడిగారు. గుడి, బడి, ఆసుపత్రి మీద రాసేవాళ్లు ఎలాగూ ఉన్నారు. నేను ‘స్వేచ్ఛ’ను ఎంచుకున్నాను. అది పుట్టింది హైదరాబాద్‌లో, ఇందూరులో కాదు. అయినా నిజామాబాద్‌వాళ్లం దాన్ని ఎందుకు చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

దస్త్రం దగ్గర మొదలు

2005 ప్రాంతంలో హైదరాబాద్‌లో కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసి ఒక పని తలకెత్తుకున్నారు: కంప్యూటర్ తెరిస్తే తెర మీద తెలుగు కనిపించాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేని దారి అప్పటికే ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ అందరి చేతికీ అందేవే. నడుపుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. సంస్థ పేరు ‘స్వేచ్ఛ’ గుర్తుచేసేది ఆ నాలుగు హక్కుల్నే.

అయితే అనువాదం మొదలుపెట్టినవాళ్లెవరికైనా తెలుస్తుంది, కష్టం కోడ్‌లో కన్నా మాటల్లో ఎక్కువని. ‘ఫైల్’ను ఏమనాలి? లినక్స్ తెర మీద నిలిచిన మాట ‘దస్త్రం’. నిజాం రాజ్యంలో పెరిగిన ఇళ్లకు ఇది కొత్త మాట కాదు. కచేరీలో ఎర్రగుడ్డలో మూటగట్టి ఉండే కాగితాల కట్టే దస్త్రం. పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి మా పట్వారీల నోట తెలుగైపోయింది. బోధన్‌లో మా చిన్నాయనకు నా ల్యాప్‌టాప్ మీద ఆ మాట చూపిస్తే కళ్లద్దాలు పైకి జరిపి, “ఇది మన తాసీల్ కచేరీ మాటనేరా, దీంట్లకెట్ల వచ్చె?” అన్నాడు. అంతవరకు కంప్యూటర్ అంటే ఆమడ దూరం ఉన్న మనిషి, ఆ మాట పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి. తెలుగు ఆపరేటింగ్ సిస్టం ఇంటింటికీ చేరలేదు. చాలా ఇళ్లకు కంప్యూటర్ కన్నా ముందు ఫోను వచ్చింది. స్వేచ్ఛ గెలిచింది మరోచోట. ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ వాడుకదారుల బృందాలు పెట్టి, శిబిరాలు నడిపి, ‘తెలిసింది పక్కవాడికి చెప్పు’ అనే అలవాటు నేర్పింది. 2015లో ఫ్రీ బేసిక్స్ పేరుతో కొన్ని సైట్లే ఉచితంగా ఇస్తామన్న పథకం మీద వాదం రేగినప్పుడు, ఈ బృందాల పిల్లలు అదేమిటో జనానికి విడమర్చి చెప్పారు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అలాంటి తేడా ధరలను నిషేధించింది.

‘జ్ఞా’లో ఎన్ని అక్షరాలు?

ఓ సెలవుల్లో హైదరాబాద్‌లో స్వేచ్ఛవాళ్ల ఆదివారపు కూటానికి వెళ్లాను. చెప్పులు బయట, పవర్ స్ట్రిప్పుల చుట్టూ ల్యాప్‌టాప్‌లు, వెనక వరుసలో ఫ్లాస్కులో టీ. చెప్పే కుర్రాడు బోర్డు మీద ‘జ్ఞా’ అని రాశాడు.

“ఇందులో ఎన్ని అక్షరాలు?”

“ఒకటే,” అన్నారు సగంమంది.

“మనకు ఒకటే. కంప్యూటర్‌కు నాలుగు. జ, పొల్లు, ఞ, దీర్ఘం. మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి దూరితే ఐదు.”

2018 ఫిబ్రవరిలో ఆ ఐదింటి వరుస మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేసేదాకా ‘తెలుగు అక్షరం ఫోన్లను పడగొట్టింది’ అని లోకం నవ్వుకుంది. అక్షరం ఏం పాపం చేసింది? ఫోను బయటికి రాకముందు ఆ వరుసను ఎవరూ కొట్టి చూడలేదు, అంతే.

మా జిల్లాలోని వర్ని వైపు నుంచి వచ్చిన ఓ అమ్మాయి లేచింది. “అన్నా, మరి పసుపుకు ఎన్ని?” కుర్రాడు మార్కర్ ఆమెకే ఇచ్చాడు. ఆమె లెక్కగట్టింది: ప, స, కొమ్ము, ప, కొమ్ము. ఐదు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పదిహేను. అదే ‘టర్మరిక్’ అని ఇంగ్లిష్‌లో రాస్తే ఎనిమిది అక్షరాలు, ఎనిమిదే బైట్లు. ఇప్పటి కృత్రిమ మేధ మోడళ్లు మాటను ముక్కలు చేసి చదువుతాయి, ముక్కల లెక్కన ఛార్జీ పడుతుంది. తెలుగు పాఠ్యం తక్కువగా చూసిన మోడల్ మన మాటను మరిన్ని ముక్కలు చేస్తుంది. “అంటే మన పసుపు అక్కడ కూడా మనకే పిరమా?” అంది ఆ అమ్మాయి. గదంతా నవ్వింది. నాకు మాత్రం నిజామాబాద్ మార్కెట్ యార్డు కళ్లముందు కదిలింది. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు చేరిన తొలి మార్కెట్లలో అదొకటి. పసుపు కొమ్ముల రాశి పక్కన నిలబడి, ధర తెర మీద చూసిన రైతుల బిడ్డలు వీళ్లు.

ఆ మోడళ్ల బాధకు స్వేచ్ఛ చూపిన దారి కూడా చేతిపనే. ఓజోన్‌టెల్ సంస్థతో కలిసి, వేలమంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి, దాదాపు 40 వేల పేజీల తెలుగు కథల్ని కంప్యూటర్‌కెక్కించి, తప్పులు దిద్దించి, వాటితో ‘చందమామ కథలు’ అనే చిన్న తెలుగు మోడల్‌ను తయారుచేసింది. ఒత్తు ఎక్కడ తప్పిందో పట్టుకున్నది ఆ పిల్లలే.

భవనం ఉంది, ఆదివారం కావాలి

మన వైపుకు వద్దాం. కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, సిద్దిపేటల తర్వాత, 2023 ఆగస్టు 9న నిజామాబాద్‌లోనూ ఐటీ టవర్ తెరిచారు. ఖర్చు దాదాపు 50 కోట్లు. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. గోడలకు కొదువ లేదు. గోడలు కట్టడానికి టెండరు పిలవొచ్చు. ఆదివారం పదింటికి పాతికమంది తమంతట తాము వచ్చి కూర్చునే అలవాటుకు టెండరు ఉండదు.

అదే 2023లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల జాతీయ సదస్సు పైకాన్ ఇండియా హైదరాబాద్‌కు వచ్చింది. అంత పెద్ద సభ కావాల్సిందే. కానీ అక్కడ నోరు విప్పాలంటే ముందు చిన్న గదిలో, సొంత భాషలో నోరు తిరగాలి. వర్ని అమ్మాయి ‘పిరం’ అన్న మాటను పెద్ద వేదిక మీద అనగలిగేది కాదు.

మనవాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 1990ల మొదట్లో టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. విదేశంలో ఉంటూ తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను చేసి ఉచితంగా ఇచ్చారు. ఇల్లు విడిచి వెళ్లినవాళ్లు కూడా ఇంటి భాషకు పనిముట్లు చేసి పంపారు. చెక్కు రాయడం కన్నా ముందు మనకు తెలిసిన విద్య అదే.

అందుకని సంఘాన్ని నేనడిగేది డబ్బు కాదు. ఊరికి వెళ్లిన ప్రతివాళ్లూ ఒక పూట పెట్టండి. పెళ్లిళ్లు, ప్లాట్ల రిజిస్ట్రేషన్లు అయ్యాక మిగిలిన ఒక్క పూట. మీరు రోజూ చేసే పనిలోంచి ఒక్క ముక్క తీసుకుని తెలుగులో చెప్పండి. డేటాబేస్ ఎందుకు నెమ్మదిస్తుంది, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ముందు ఏం చూస్తారు, ఇంటర్వ్యూలో మీరెక్కడ తడబడ్డారు. స్లైడ్లు లేకపోయినా పర్లేదు, బోర్డు చాలు.

ఈ సంగతంతా చెప్తే మా చిన్నాయన, ఫ్యాక్టరీలో ముప్పై సీజన్లు చూసిన మనిషి, కాసేపు ఆలోచించి అన్నాడు: “చెరుకును లారీ ఎక్కించుడు అలవాటైందిరా మనకు. లారీలు వద్దనను. గని కోసినకాడ జెరంత రసమన్న తీసి తాగాలె గద.”

డిసెంబరులో నేను ఇంటికి వెళ్తున్నాను. ఒక ఆదివారం ఖాళీ పెట్టుకున్నాను. అంశం ఆ వర్ని అమ్మాయి దగ్గర అరువు తెచ్చుకున్నదే: పసుపుకు ఎన్ని బైట్లు?